ఆటు వేళ వైజాగ్ రాతి గుంటలు చూడటం ఎలా: క్యాలెండర్ దగ్గర్నుంచి బూట్లు కడుక్కోవడం దాకా

సెలవు రోజు ఏం చేస్తావని ఆఫీసులో ఎవరైనా అడిగితే, "బీచ్‌లో రాళ్ల మధ్య గుంటల్లోకి తొంగిచూస్తాను" అని చెప్పేవాణ్ణి. నవ్వేవాళ్లు. ఈమధ్య నవ్వడం మానేసి, ఎలాగో చెప్పమంటున్నారు. చెబితే వెళ్లొస్తున్నారు. వచ్చి అందరిదీ ఒకటే మాట: "రెండు పీతలు తప్ప ఏమీ కనపడలేదు. నీకు మాత్రం అన్నీ ఎలా కనపడతాయి?"

నా కళ్లకేం ప్రత్యేకత లేదు. వాళ్లు వెళ్లిన టైము తప్పు. టైము కుదిరినవాళ్లు కూడా గుంట దగ్గర అర నిమిషం కూడా ఆగకుండా ఇంకో గుంటకి పోతున్నారు. ఈ రెండూ సరిచేసుకుంటే మిగతాదంతా చిన్న చిన్న జాగ్రత్తలే.

1. ముందు గోడ మీది క్యాలెండర్ చూడండి

సముద్రం రోజుకి సుమారు రెండుసార్లు పైకొస్తుంది, రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. పైకి రావడం పోటు, తగ్గడం ఆటు. మనకి కావలసింది ఆటు, అందులోనూ బాగా లోపలికి తగ్గే ఆటు.

అది అమావాస్యకి, పౌర్ణమికి వస్తుంది. ఆ తిథి మర్నాడు, ఆ పై రోజు కూడా బాగానే ఉంటుంది. అష్టమి చుట్టుపక్కల నీరు పెద్దగా తగ్గదు, పెద్దగా పెరగదు. నేను మొదటిసారి వెళ్లింది సరిగ్గా అష్టమి మర్నాడు. గంటన్నర తిరిగి, మోకాలు గీరుకుని, ఇదేదో మనకి పడేది కాదని ఇంటికొచ్చేశాను. తిథి చూసుకోవాలని అప్పటికి తెలియదు.

తిథితో రోజు తెలుస్తుంది, గంట తెలియదు. దానికి టైడ్ టేబుల్ కావాలి. ఫోన్‌లో బోలెడు యాప్‌లున్నాయి. సముద్రం సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ వాళ్ల వెబ్‌సైట్‌లో అలల ఎత్తు, సముద్రం పరిస్థితి కూడా దొరుకుతాయి. స్థలం దగ్గర విశాఖపట్నం అని ఎంచుకోండి. చెన్నై టైములు చూసి ఇక్కడ దిగకండి.

టేబుల్‌లో ఆటు పక్కన మీటర్లలో ఒక అంకె ఉంటుంది. నా లెక్క ఇది: 0.4 కంటే తక్కువుంటే బయల్దేరతాను. 0.6 దాటితే ఇంట్లో పడుకుంటాను. మధ్యలో ఉంటే, ఆ రోజు ఇంకేం పని లేకపోతే వెళ్తాను.

ఈ టైము రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఇవాళ ఉదయం 5:40కి ఆటు ఉంటే, రేపు ఆరున్నర ప్రాంతంలో ఉంటుంది. రెండు ఆటుల్లో ఒకటి తరచూ చీకట్లో పడుతుంది కాబట్టి వెలుతురున్నదే చూసుకోండి. టార్చ్ పట్టుకుని రాత్రిపూట రాళ్ల మీద తిరగడం కొత్తవాళ్లు చేసే పని కాదు.

నెలల సంగతి కూడా ఉంది. మన తీరంలో సముద్రమట్టమే ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లలో కిందికి ఉంటుంది, అక్టోబర్, నవంబర్‌లలో పైకి ఉంటుంది. ఆ రెండు నెలలూ తుఫాన్లు కూడా. వానాకాలంలో నీరు మడ్డిగా ఉండి గుంట అడుగు కనపడదు. కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా మొదలుపెట్టడానికి మంచి కాలం. ఏప్రిల్‌లో రాళ్లు పెనంలా కాలతాయి, పొద్దున్న ఆటులే చూసుకోవాలి.

ఇన్ని కలిసొచ్చే రోజు ఆదివారమే రావాలని లేదు. నెలకి ఒక్కసారి కుదిరితే సంతోషించండి. నేనైతే మూడు నెలలకి సరిపడా తేదీలు ముందే చూసుకుని, క్యాలెండర్ మీద పెన్సిల్‌తో సున్నా చుట్టి పెట్టుకుంటాను. ఇంట్లోవాళ్లు ఆ రోజు పెళ్లి పిలుపులు ఒప్పుకోకుండా అది పనికొస్తుంది.

2. ఎక్కడికి వెళ్లాలి

ఇసుక బీచ్‌లో గుంటలుండవు. రాయి కావాలి, ఆ రాయి పోటుకి మునిగి ఆటుకి తేలాలి. వైజాగ్ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు పొడవునా అలాంటి చోట్లు ఉన్నాయి.

కొత్తవాళ్లకి జోడుగుళ్లపాలెం వైపు రాళ్లు తేలిక. పక్కనే ఊరుంటుంది, మనుషులు తిరుగుతుంటారు. తెన్నేటి పార్కు కింద కూడా మంచి రాళ్లున్నాయి. 2020 అక్టోబర్‌లో బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి ఆగింది అక్కడే. కాకపోతే దిగడం, ఎక్కడం కొంచెం కష్టం. మంగమారిపేటలో రాతి తోరణం దగ్గర ఫొటోల కోసం జనం మూగుతారు గానీ, వాళ్లు వీపు తిప్పి నిలబడే రాళ్లలోనే చూడాల్సినవి ఉంటాయి. రుషికొండలో ఇసుక ఎక్కువ, చివర్లలోని రాళ్ల దగ్గరికి నడవాలి.

బండి లేకపోతే భీమిలి వైపు వెళ్లే 900కె బస్సు ఎక్కండి. కానీ ఆటు మనకోసం ఆగదు, బస్సు ఆలస్యమైతే అంతే. అరగంట ముందే స్టాపులో ఉండండి.

ఒక్క చోటు ఎంచుకుని కనీసం ఐదారుసార్లు అక్కడికే వెళ్లండి. వారానికో కొత్త చోటు తిరిగితే ఏ చోటూ అర్థం కాదు.

3. సంచిలో ఏం పెట్టుకోవాలి

- పాత కాన్వాస్ బూట్లు, రబ్బరు అడుగు అరిగిపోనివి. హవాయి చెప్పులు వద్దు, తడి నాచు మీద అవి జారుడుబల్లలే.
- మోకాలి కిందికి వచ్చే ప్యాంటు. షార్ట్స్ వేసుకుంటే మోకాళ్లు చీరుకుంటాయి.
- అడుగు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బా. దీని సంగతి తర్వాత చెబుతాను.
- నల్ల గొడుగు. వానకీ ఎండకీ కాదు, దాని సంగతీ తర్వాతే.
- రెండు లీటర్ల మంచినీళ్లు: తాగడానికొకటి, కడుక్కోవడానికొకటి.
- డెట్టాల్, దూది, ప్లాస్టర్, చిన్న పట్టకారు.
- చిన్న నోట్‌బుక్, పెన్సిల్. పెన్ను సిరా తడికి కారిపోతుంది.
- ఫోన్‌కి జిప్ కవరు, మెడలో వేసుకునే తాడుతో.
- ఒక మనిషి. ఒంటరిగా వెళ్లకండి. తోడు ఎవరూ రాకపోతే, ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

వల, బకెట్, గరిట, కత్తి ఏవీ తీసుకెళ్లొద్దు. చేతిలో వల ఉంటే పట్టాలనిపిస్తుంది.

4. ఎన్నింటికి చేరాలి, ఎన్నింటికి లేవాలి

టేబుల్‌లో ఆటు 4 గంటలకని ఉంటే, 4 గంటలకి చేరేవాడు సగం చూసే అవకాశం పోగొట్టుకున్నట్టే. రెండున్నరకల్లా అక్కడుండండి. నీరు వెనక్కి వెళ్తుంటే మీరూ దాని వెనకే, పై రాళ్ల నుంచి కింది రాళ్లకి దిగండి. 4:30కి వెనక్కి తిరగండి. అప్పుడింకా నీరు కదలనట్టే ఉంటుంది, అందుకే మోసపోతారు. పోటు మొదటి గంటలో మెల్లగా వస్తుంది, మూడో గంట, నాలుగో గంటల్లో జోరందుకుంటుంది.

రాళ్ల మీదికి దిగే ముందు, పొడి చోట నిలబడి పది నిమిషాలు అలల్ని చూడండి. ఇది విసుగ్గా ఉంటుంది. అయినా చూడండి. అలలు ఒకే ఎత్తులో రావు. చిన్నవి వచ్చి వచ్చి, మధ్యలో రెండు మూడు పెద్దవి వరసగా వస్తాయి. ఆ పెద్దవి ఏ రాయి దాకా తడుపుతున్నాయో చూసుకుని, ఆ రాయికి ఇవతలే మీ హద్దు. ఆ పది నిమిషాల్లో హద్దు రెండుసార్లు మారితే ఆ రోజు దిగకండి. టీ తాగి ఇంటికెళ్లిపోండి. ఎత్తైన అలలొస్తాయని హెచ్చరిక ఉన్నా, తుఫాను కబురున్నా అంతే.

5. రాళ్ల మీద నడక

రాయి రంగు చూసి అడుగు వెయ్యాలి. పొడిగా, గరుకుగా, బూడిద రంగులో ఉంటే నమ్మొచ్చు. పచ్చగా మెరుస్తుంటే సబ్బు రాసినట్టే. నల్లగా తడిగా, నున్నగా కనిపించేది పచ్చదానికంటే మోసం, అక్కడ కూడా సన్నని నాచు ఉంటుంది.

తెల్లటి చిన్న చిన్న కొండల్లా రాతికి అతుక్కుని ఉండేవి బార్నకిల్స్. వాటి మీద కాలు జారదు, కానీ అవి బతికున్న ప్రాణులు. వాటి మీద పడితే చర్మం గీరుకుపోతుంది కూడా. పక్కన ఖాళీ రాయి ఉంటే అటే వెయ్యండి.

రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోండి. ఫోన్ చూస్తూ నడవకండి. ఎత్తు రాయి దిగేటప్పుడు సిగ్గుపడకుండా కూర్చుని జరగండి. ఎప్పుడూ సముద్రానికి వీపు పెట్టకండి.

6. ఒక గుంట, పావుగంట

అసలు పని ఇదే. దీని కోసమే పైన చెప్పినవన్నీ.

మంచంలో సగం ఉండే గుంట ఒకటి ఎంచుకోండి. లోతు జానెడైతే చాలు. ఓ పక్క రాయి కాస్త కిందికి వంగి నీడ పడేలా ఉంటే ఇంకా మంచిది. మీ నీడ నీళ్ల మీద పడని వైపు చతికిలబడండి. అంతే, కదలకండి.

మొదటి రెండు నిమిషాలు ఏమీ ఉండదు. నీరు, గులకరాళ్లు, కాస్త నాచు. చాలామంది లేచి వెళ్లిపోయేది ఇక్కడే. మీరొచ్చిన అలికిడికి అన్నీ దాక్కున్నాయి, అవి మిమ్మల్ని మర్చిపోవాలి.

తర్వాత ఒక గులకరాయి నడుస్తుంది. అది రాయి కాదు, నత్త గుల్ల. నత్త ఇంత వేగంగా నడవదే అనుకుని చూస్తే కింద ఎర్రటి సన్నకాళ్లు. అది హెర్మిట్ క్రాబ్, ఖాళీ గుల్లలో కాపురముండే పీత. దానికి పొట్ట మీద గట్టి డొప్ప ఉండదు, అందుకే అద్దెకొంప. ఒళ్లు పెరిగితే ఇంకా పెద్ద గుల్ల వెతుక్కోవాలి. ఒకసారి ఒక పీత పక్కనున్న ఖాళీ గుల్లని కొమ్ములతో తడిమి, చుట్టూ తిప్పి, లోపలికి గోరు పెట్టి కొలిచి, పాత దాంట్లోంచి కొత్త దాంట్లోకి టక్కున దూకింది. కళ్లు మూసి తెరిచేంత సేపు. తర్వాత ఏమనుకుందో, మళ్లీ పాత దాంట్లోకే వచ్చేసింది. ఇల్లు చూడ్డానికి వెళ్లి నచ్చక తిరిగొచ్చినట్టు. ఆ రోజు నుంచి బీచ్‌లో గుల్లలు ఏరుకోవడం మానేశాను.

నాలుగైదు నిమిషాలకి గోడల మీద ఉన్న మెత్తటి ముద్దలు విచ్చుకుంటాయి. అవి సీ అనిమోన్లు. నీరు తగ్గినప్పుడు తడి ఇసుక అంటుకున్న బొడిపెల్లా ముడుచుకుని ఉంటాయి, నీట్లో ఉంటే చామంతిలా విప్పుకుంటాయి. పువ్వు కాదు, జంతువు. ఆ రేకులతోనే తిండి పట్టుకుంటుంది.

ఇప్పుడు ఆ డబ్బా తియ్యండి. స్వీట్ షాపులో ఇచ్చే పారదర్శక డబ్బా చాలు. అడుగుని నీటి మీద వేలు మందం ముంచి, పైనుంచి లోపలికి చూడండి. గాలికి కదిలే పై నీటి అలజడి పోయి అద్దంలో చూసినట్టు అడుగంతా తేటగా కనిపిస్తుంది. దాదాపు గాజులా ఉండే రొయ్యలు మొదటిసారి నాకు ఇలాగే కనిపించాయి. అంతకుముందు అవి అదే గుంటలో లేవని కాదు.

పదేళ్ల లోపు పిల్లల్ని తీసుకెళ్తే ఈ డబ్బా వాళ్ల చేతికివ్వండి. పావుగంట గోల ఉండదు.

7. పై రాయి నుంచి కింది రాయి దాకా

గుంటలే కాకుండా రాళ్లు కూడా చూడాలి. అన్నీ అన్నిచోట్లా ఉండవు, అంతస్తులుంటాయి.

అన్నిటికంటే పైన, తుంపర మాత్రమే తగిలే రాళ్ల పగుళ్లలో శనగగింజంత నత్తలు గుంపుగా ఉంటాయి. కొంచెం కింద బార్నకిల్స్, రాతి ముత్యపుచిప్పలు, చైనా టోపీల్లాంటి లింపెట్లు. లింపెట్లలో చాలా జాతులు పోటు వేళ మేతకి వెళ్లి, మళ్లీ వాటి పాత చోటుకే తిరిగొస్తాయి. ఇంకా కింద ఆలిచిప్పలు, పచ్చటి పాలకూర ఆకుల్లాంటి ఉల్వా నాచు. అన్నిటికంటే కింద, మంచి ఆటుకి మాత్రమే తేలేచోట ముళ్ల బంతుల్లాంటి సీ అర్చిన్లు.

రాళ్ల మీద ఒక రాయి నుంచి ఇంకో రాయికి గెంతే చిన్న చేపలు కనిపిస్తే కంగారు పడకండి. మీ కళ్లు బాగానే ఉన్నాయి. వాటికది మామూలే.

8. ముట్టుకోకూడనివి

సూటిగా చెబుతాను: మొదటి ఐదారుసార్లు దేన్నీ ముట్టుకోకండి. ఏది ఏమిటో తెలిసాక కూడా వీటి జోలికి పోకూడదు:

- కోన్ ఆకారంలో అందమైన గీతలుండే నత్తగుల్లలు. లోపల నత్త బతికుంటే విషపు ముల్లుతో పొడుస్తుంది. కొన్ని జాతుల విషం మనిషి ప్రాణం తీస్తుంది.
- రాయిని రబ్బరు చాపలా కప్పేసి, బొత్తాల్లాంటివి గుంపుగా ఉండేవి, జోయాంథిడ్లు. కొన్ని జాతుల్లో పాలీటాక్సిన్ అనే గట్టి విషం ఉంటుంది.
- సీ అర్చిన్లు, జెల్లీ చేపలు. ఒడ్డున ఎండిపోయి పడున్న జెల్లీ కూడా కుడుతుంది.
- రాయిలా కనిపించే చేపలు, సముద్ర పాములు.
- కనపడని పగుళ్లు. వేలు పెట్టకండి.

ముల్లు గుచ్చుకుంటే, పైకి కనిపించేదాన్ని పట్టకారుతో తీసి, చర్మం కాలకుండా భరించగలిగేంత వేడినీళ్లలో ఆ భాగాన్ని ఉంచితే నొప్పి తగ్గుతుంది. తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లండి, టీటీ ఇంజెక్షన్ సంగతి అడగండి. జెల్లీ కుడితే రుద్దొద్దు, మంచినీళ్లు పొయ్యొద్దు. సముద్రపు నీటితోనే కడిగి, అతుక్కున్న పోగుల్ని పట్టకారుతో తియ్యండి. ఊపిరాడకపోయినా, వాపు పెరిగిపోతున్నా ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యండి.

ఇంటికి తెచ్చుకోవడం గురించి. సముద్ర దోసకాయలు, సముద్ర గుర్రాలు, గట్టి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. కొన్ని గుల్లలూ అంతే. ఏది ఏ జాబితాలో ఉందో గుర్తుపెట్టుకోవడం కంటే, ఏదీ తేకపోవడం తేలిక.

9. ఫొటో తీసేటప్పుడు

గుంటలో ఫొటో తీస్తే ఆకాశమే పడుతుంది. ఇందుకే నల్ల గొడుగు. పక్కవాళ్లని గుంట మీద, వెలుతురొచ్చే వైపు పట్టుకోమనండి. ఆ మెరుపు పోయి అడుగు కనిపిస్తుంది. పోలరాయిడ్ కళ్లజోడుంటే దాని అద్దాన్ని ఫోన్ కెమెరా ముందు పెట్టి మెల్లగా తిప్పి చూడండి, ఒక కోణంలో మెరుపు తగ్గుతుంది.

ప్రతి దానికీ రెండు ఫొటోలు: ఒకటి దగ్గర్నుంచి, ఒకటి చుట్టుపక్కల రాయితో సహా. రెండోది లేకపోతే తర్వాత పేరు కనుక్కోవడం కష్టం. సైజు తెలియడానికి పక్కన పెన్సిల్ పెట్టండి. ఫొటో కోసం ప్రాణిని కదపకండి.

10. అందరూ చేసే తప్పులు

*రాయి ఎత్తి అలాగే వదిలెయ్యడం.* నేనూ చేశాను. రాయి కింద ఉండేవి చీకట్లో, తడిలో బతికేవి. తిరగేసి వదిలేస్తే ఎండకి చస్తాయి, పైనున్న నాచు కింద పడి కుళ్లుతుంది. రెండు చేతుల్లో పట్టేంత చిన్న రాయైతేనే, మీ వైపుకి మెల్లగా ఎత్తి, చూసి, ఎలా ఉందో అలాగే దించండి. లేకపోతే అసలు ఎత్తకండి.

*పదిమందితో వెళ్లడం.* నలుగురు దాటితే అది పిక్నిక్.

*లింపెట్‌నో నత్తనో పీకి చూడటం.* రాతికి అతుక్కున్నదాన్ని పీకితే కండ తెగుతుంది. మళ్లీ పెట్టినా అతుక్కోదు.

*ఒక గుంటలోది ఇంకో గుంటలో వెయ్యడం.* పిల్లలు జాలితో చేస్తారు. వద్దని చెప్పండి.

*టైము మర్చిపోవడం.* అన్నిటికంటే ప్రమాదం ఇదే. ఒకసారి జోడుగుళ్లపాలెంలో డబ్బాలోకి చూస్తూ ఉండిపోయాను. వెనక నుంచి ఒక పెద్దాయన, వల భుజం మీద వేసుకుని, "ఏటి బాబూ, ఏటైనా పడేసుకున్నావా?" అన్నాడు.

"లేదు తాతా, పీతల్ని చూస్తున్నా."

"అయి కూరకి పనికిరావు గదా!" అని నవ్వి, గడ్డంతో నా వెనక్కి చూపించాడు. "నీరు తిరిగిపోనాది. ఎల్లిపో ఇంక."

తిరిగి చూస్తే, నేను నడిచొచ్చిన దారిలో చీలమండ లోతు నీళ్లున్నాయి. అప్పటి నుంచి ఫోన్‌లో రెండు అలారాలు పెడతాను: ఆటు టైముకి ఒకటి, అరగంట తర్వాత ఇంకొకటి. రెండోది మోగితే, ఆక్టోపస్ కనపడినా సరే, లేస్తాను.

11. ఇంటికొచ్చాక

ఆ రాత్రే నోట్‌బుక్ పూర్తి చెయ్యండి. మర్నాటికి సగం మర్చిపోతారు. నేను రాసేవి ఇంతే: తేదీ, తిథి, చోటు, ఆటు టైము, మీటర్లు, అలలు ఎలా ఉన్నాయి, నీరు తేటగా ఉందా, ఏ గుంటలో ఏం చూశాను, ఏం చూడలేదు. "చూడలేదు" అని రాయడం అనవసరమనిపిస్తుంది గానీ, పోయిన మార్చిలో ఉన్న అర్చిన్లు ఈ మార్చిలో లేవని తెలిసేది దానివల్లే.

పేర్లు తెలియకపోతే ఫొటోల్ని ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో పెట్టండి. తెలిసినవాళ్లు చూసి చెబుతారు. యాప్ తనంతట తాను చూపించే పేరుని వెంటనే నమ్మకండి, మన సముద్రంలో లేని జాతుల్ని కూడా చూపిస్తుంది.

బూట్లు మంచినీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టండి, లేకపోతే ఉప్పుకి రెండు నెలల్లో అడుగు ఊడొస్తుంది. ఫోన్ కెమెరా అద్దాన్ని పొడిగుడ్డతో రుద్దకండి, ఉప్పు పలుకులు గీతలు పెడతాయి. తడిగుడ్డతో అద్ది, తర్వాత తుడవండి. సంచి దులిపేటప్పుడు ఆరుబయట దులపండి. గుల్ల ఏదైనా పొరపాటున వచ్చి ఉంటే, ముందు చెవి దగ్గర కాదు, కంటి దగ్గర పెట్టుకుని లోపల కాళ్లున్నాయేమో చూడండి. ఉంటే, బండి తాళాలు తియ్యండి.